కోసేసిన అంచులు

పరాయి ఊరు, మూడో అంతస్తు గది
మొదటి నెల, ఆదివారం

బావమరిదీ,

ముప్పై అయిదేళ్ళ కిందట ఒక సోమవారం పొద్దున ఏడున్నర బండికి వస్తానని నా చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టి, రాకుండా ఇంట్లో ముసుగు తన్ని పడుకున్న నీకు, ఆ బండి ఎక్కి, అటునుంచి విమానం అందుకుని ఉంటే మనం చేరవలసిన ఊరి నుంచి రాస్తున్నాను. చేరాను. ముప్పై అయిదేళ్ళు ఆలస్యంగా, ఒక్కణ్ణే చేరాను. నీ క్షేమం అడగను. మాట తప్పినవాళ్ళకు జబ్బులు రావని నా అనుభవం.

మర్చిపోయి ఉంటావు, గుర్తు చేస్తాను. ఇక్కడి అచ్చాఫీసు వాళ్ళకు చేత్తో బైండింగు చేసేవాళ్ళు ఇద్దరు కావలసి వచ్చింది. మూడేళ్ళ పని. నాకు ఇరవై ఎనిమిది, నీకు ఇరవై రెండు. వెళితే ఇద్దరం, లేకపోతే ఎవరం వద్దనుకున్నాం. నేను రెండు టికెట్లు జేబులో పెట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. గార్డు జెండా ఊపాడు. బండి చివరి పెట్టె కూడా నా ముందు నుంచి వెళ్ళిపోయింది. మీ ఇంటికొచ్చి అడిగితే కాలు బెణికిందన్నావు. ఆ బెణికిన కాలితోనే మర్నాడు మ్యాట్నీకి వెళ్ళావు.

సరే. మీ అక్క పోయి రెండేళ్ళయింది. పిల్లా జెల్లా లేరు. మన లిపిలో అచ్చయిన పాత పుస్తకాలు ఈ గ్రంథాలయంలో ఒక గదినిండా ఉన్నాయనీ, వాటిని బాగుచేయడానికి మన భాష చదవగలిగిన బైండరు కావాలనీ మన ఖాతాదారు లెక్చరరు చెప్పగానే ఎందుకు దరఖాస్తు పెట్టానో నీకు తెలుసు. వీళ్ళు నన్ను ఆరు నెలలు చూస్తారట. పని నచ్చితే ఉంచుకుంటారు, నచ్చకపోతే పంపేస్తారు. కనక పందెం ఇది. అరవై మూడేళ్ళ ముసలాణ్ణి ఉంచుకున్నారంటే, ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాణ్ణి నెత్తిన పెట్టుకుని ఉండేవాళ్ళని అర్థం. అప్పుడు 'నీ బతుకు నేనే పాడుచేశాను బావా' అని నీ చేత్తో నువ్వు రాసివ్వాలి. పంపేశారనుకో, వచ్చి షాపులో మూల కూర్చుని నోరు మూసుకుని నీకు జిగురు ఉడకబెడతాను. ఏడున్నర బండి మాట మళ్ళీ జన్మలో ఎత్తను.

ఇక ఇక్కడి సంగతులు. నేనుండే మేడలో ఇరవై నాలుగు తలుపులున్నాయి, ఇరవై నాలుగూ మూసే ఉంటాయి. మెట్ల మీద ఎదురైనవాళ్ళు "ఎలా ఉన్నారు?" అంటారు. మొదటిరోజు ఒకాయనకు నిలబడి మోకాలి నొప్పి గురించి చెప్పబోయాను. మొదటి వాక్యం పూర్తయ్యేసరికి ఆయన కింది అంతస్తులో ఉన్నాడు. బస్సులో నలభై మంది ఉంటే నలభై మందీ కిటికీలోంచే చూస్తారు. కిటికీలు ఇరవయ్యే. మిగతా ఇరవై మంది ఏం చూస్తారో కనిపెట్టాలి. వీళ్ళ భాష పుస్తకాల్లో చదివి నేర్చుకున్నవాణ్ణి కదా, నేను నోరు తెరిస్తే దుకాణాల్లో వాళ్ళు శాసనం విన్నట్టు చేతులు కట్టుకు నిలబడుతున్నారు.

పనిచేసే చోటు మాత్రం చూసి తీరాలి. పొడుగాటి గది, ఒకే వైపు పెద్ద కిటికీలు, ఆరు తెల్ల బల్లలు, ఒక్కో బల్లకు ఒక్కో దీపం. ఆరుగురం ఉంటాం, చీమ నడిచినా వినబడుతుంది. మా పై అధికారి ముప్పై అయిదేళ్ళ ఆడపిల్ల. ఎప్పుడూ చేతులకు తెల్ల తొడుగులుంటాయి కనక తొడుగులమ్మ అని పేరు పెట్టాను. ఆ పిల్ల నన్ను పేరు పెట్టి పిలుస్తుంది. గారు లేదు, అన్న లేదు, తాత లేదు. మా నాన్న కూడా నన్ను ఒరేయ్ అనే పిలిచాడు గాని పేరు వాడి ఎరగడు.

జిగురులో ఏం కలుపుతారని అడిగింది. మైదా, మైలుతుత్తం అన్నాను. ఆ నీలం రాయి పేరు వీళ్ళ భాషలో చెప్పగానే రెండడుగులు వెనక్కి వేసింది.

"అది విషం కదా!"

"విషమే. అందుకే పురుగు రాదు."

షాపులో నా వెనకాల నన్ను మైలుతుత్తం అని పిలిచేవాళ్ళని నాకు తెలుసు. ఆ పేరు పెట్టింది నువ్వేనని కూడా తెలుసు.

నీ బావ


షాపు, మధ్యాహ్నం

బావా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివా. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి నవ్వొచ్చింది. మూడోసారి చూస్తే తిండి సంగతి ఒక్క ముక్క రాయలేదు. ఏం తింటున్నావ్? వండుకోవడం వచ్చా నీకు? అక్క ఉన్నన్నాళ్ళూ పొయ్యి ఏ దిక్కున ఉందో కూడా చూడలేదు నువ్వు.

మైలుతుత్తం పేరు పెట్టింది నేను కాదు, అక్క. నేను ఊరంతా చెప్పానంతే.

ఇక ఏడున్నర బండి. ఇప్పటికి ఎన్నివేల సార్లు విన్నానో. కాలు నిజంగానే బెణికింది బావా. సినిమాకి కుంటుకుంటూ వెళ్ళా. పోనీ నేను రాలేదు. బండెక్కొద్దని నిన్నెవరు పట్టుకున్నారు? రెండో టికెట్టు తీసి నీ కాళ్ళకి కట్టారా? నా కోసం ఆగానంటావ్. నేనేమన్నా పెళ్ళికూతుర్నా?

పందెం ఒప్పుకున్నా. జిగురు గిన్నె తోమి పెడతాలే, నువ్వు రావడమే తరువాయి.

నువ్వెళ్ళాక షాపులో ప్రశాంతంగా ఉంది. ఈ ప్రశాంతం నాకు పడట్లేదు. మొన్నొక పుస్తకానికి కుట్టు వంకరగా వచ్చింది. తిట్టేవాడు లేడు కదా, అట్లాగే అట్ట వేసి ఇచ్చేశా. మా ఆవిడ ఫోను చెయ్యమంటోంది. మనకి ఫోనంటే రెండో మాటకే తగూ వస్తుంది, కాగితం మీదైతే ఓపిగ్గా పోట్లాడుకోవచ్చు అన్నా.

ఎవరితో మాట్లాడుతున్నావక్కడ? దానికి జవాబు రాయి. కిటికీల లెక్క వద్దు.

బావమరిది


పరాయి ఊరు, మూడో అంతస్తు గది
రెండో నెల ఆఖరు, ఆదివారం

బావమరిదీ,

తింటున్నాను. అన్నం మాడ్చకుండా వండటం పదకొండో రోజున పట్టుబడింది. మాడిన రోజు కూడా వంక పెట్టేవాడు లేడు గనక తినేశాను. ఏకాంతం గొప్పదని పుస్తకాలకు పుస్తకాలు రాసిన మహానుభావులున్నారు. వాళ్ళందరినీ బైండు చేశాను, చదివాను కూడా. ఒకటి గమనించాను, వాళ్ళలో ఒక్కడికీ గిన్నెలు తోముకున్న అనుభవం ఉన్నట్టు లేదు.

ఎవరితో మాట్లాడుతున్నానని అడిగావు. చెబుతాను. పోయిన వారం తలుపు కింద నుంచి ఒక చీటీ లోపలికి వచ్చింది. 'పొద్దున అయిదింటికి మీరు నడిచే చప్పుడు మా గదిలోకి వినబడుతోంది. దయచేసి గమనించగలరు.' సంతకం లేదు, కింది గది నంబరుంది. నిజం చెప్పనా, ప్రాణం లేచి వచ్చింది. వచ్చిన రెండు నెలలకు ఒక మనిషి నాతో తగువు పెట్టుకుంటున్నాడు! చొక్కా మార్చుకున్నాను. నా గదిలో నేను నడవకూడదా, కాళ్ళు తీసి గూట్లో పెట్టుకోవాలా, పెద్దవాళ్ళకు నిద్ర పట్టదని మీ ఇంట్లో ఎవరూ చెప్పలేదా అని వీళ్ళ భాషలో మూడు వాక్యాలు కూర్చుకున్నాను. మెట్లు దిగుతూ ఒకసారి వల్లె వేసుకున్నాను. తలుపు కొట్టాను.

నా వయసావిడే తీసింది. నన్ను చూడగానే మొహం తెల్లబోయింది. "క్షమించండి, క్షమించండి, నేను రాయకుండా ఉండాల్సింది" అని రెండుసార్లు తల వంచి, నేను నోరు తెరిచే లోపల తలుపు వేసేసుకుంది. గొళ్ళెం పడ్డ చప్పుడు కూడా వచ్చింది. నా మూడు వాక్యాలూ పట్టుకుని పైకొచ్చాను. అప్పటి నుంచి మేజోళ్ళు తొడుక్కుని నడుస్తున్నాను.

మధ్యాహ్నం భోజనం ఎవరి బల్ల దగ్గర వాళ్ళది. ఎవరి డబ్బాలో ఏముందో ఎవరూ అడగరు. ఒకరోజు నా డబ్బా మూత తీసి పక్క బల్ల కుర్రవాడి వైపు జరిపాను. మందు ఇస్తున్నాననుకున్నాడో ఏమో, అతను కంగారుపడి, తనకు ఆరోగ్యం బాగానే ఉందని చెప్పాడు.

పని సంగతి వింటే కుళ్ళుకుంటావు. నాకు మొదటి పెద్ద పుస్తకం ఇచ్చారు. మన భాషలో వందేళ్ళ కిందట అచ్చయిన గృహవైద్య గ్రంథం. ఆకులు వదులైపోయి, అంచులు నల్లబడి, ఎవడో పనిలేని వెధవ అంచులనిండా పెన్సిలుతో గిలికి, చూడటానికి ముష్టివాడి జోలెలా ఉంది. మడత కాగితాల ఫారాలన్నీ విప్పి మళ్ళీ కుట్టాను. మూడు వైపులా వేలి వెడల్పు మేర కోసి అద్దంలా చేశాను. నేత గుడ్డ అట్ట వేశాను. బల్ల మీద పెడితే కొత్త పెళ్ళికొడుకులా ఉంది. అందరూ వచ్చి చుట్టూ నిలబడి చూశారు. ఒక్కరికీ నోట మాట రాలేదు. తొడుగులమ్మ అయితే కుర్చీలో కూర్చుండిపోయింది.

జిగురు గిన్నెను నువ్వే వాడుకో.

నీ బావ


షాపు

బావా,

నోట మాట రాలేదని రాశావు చూడు, అక్కడ నాకు భయమేసింది.

నలభై ఏళ్ళుగా నీ పని చూసినవాళ్ళని చూశా నేను. మెచ్చుకునేవాడు ముందు చేతిలోకి తీసుకుంటాడు. తెరుస్తాడు, మూస్తాడు, వేలితో అంచు రాస్తాడు, వాసన చూస్తాడు. తర్వాతే నోరు తెరుస్తాడు. ఒక్కటి చెప్పు. వాళ్ళలో ఎవరన్నా ఆ పుస్తకాన్ని ముట్టుకున్నారా?

బావమరిది


పరాయి ఊరు
నాలుగో నెల

బావమరిదీ,

ముట్టుకోలేదు.

ఈ ఒక్క మాట రాయడానికి ఆరు వారాలు పట్టింది. నీ ఉత్తరం బల్ల మీదే ఉంది, దాని మీద పళ్ళెం పెట్టుకుని తిన్నాను.

జరిగింది చెబుతాను. ఆ పుస్తకంలో అచ్చయిన వైద్యం వీళ్ళకు అక్కర్లేదు. అది మన ఊళ్ళో ఏ పాత పుస్తకాల కొట్లో అడిగినా దొరుకుతుంది. వీళ్ళకు కావలసింది ఆ గిలుకుళ్ళు. వందేళ్ళ కిందట మన వైపు మనిషి ఒకడు ఓడ మీద వంటవాడిగా వచ్చి ఇక్కడ దిగిపోయాడట. ఈ ఊళ్ళో ఒక భోజనశాలలో ఇరవై ఆరేళ్ళు పనిచేసి ఇక్కడే పోయాడు. మన లిపిలో అతని దగ్గరున్నది ఆ ఒక్క పుస్తకమే. మాట్లాడటానికి మన భాష వచ్చినవాడు ఒక్కడూ లేక, దాని అంచుల మీద ఇరవై ఆరేళ్ళు రాసుకున్నాడు. ఆ రాతలు చదివి ఎత్తి రాసే మనిషి కోసమే వీళ్ళు వెతికింది. బైండింగు కూడా వస్తే మంచిదనుకున్నారు. నన్ను పిలిపించింది అందుకు. పుస్తకం విప్పి కుట్టాక ఆ సంగతి చెబుదామనుకుందట తొడుగులమ్మ.

అంచులు కోయవద్దని ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఎవరైనా కోస్తారని ఆమెకు తోచనే లేదు. కోయకుండా ఎవరైనా వదిలేస్తారని నాకు తోచలేదు. మనకు అది పనిలో మొదటి పాఠం కదా. పాతది వచ్చిందంటే అంచు తీసెయ్, శుభ్రంగా కనబడాలి. నా చేత్తో ఇన్నేళ్ళలో ఎన్ని వేల పుస్తకాల అంచులు కోశానో! వాటి మీద ఎవరెవరు ఏమేం రాసుకున్నారో! ఇప్పుడు ఆ ఆలోచన వస్తే చెయ్యి కడుక్కుందామనిపిస్తోంది.

ఆ రోజు సాయంత్రం తొడుగులమ్మ నన్ను తన బల్ల దగ్గరికి పిలిచింది. ఒక కాగితం ఇచ్చింది. 'మూడు అంచులు కోయబడినవి' అని ఉంది. ఎవరు కోశారో, ఏ తేదీనో రాయడానికి ఖాళీలు వదిలింది. రాసి సంతకం పెట్టాను. తిడుతుందని నిలబడ్డాను. బావమరిదీ, ఒట్టేసి చెబుతున్నా, తిట్టమ్మా అని అడగబోయాను. నా గురువు గుర్తున్నాడు కదా, కోత వంకర పోయిందంటే ఇనప స్కేలు విసిరేవాడు. ఆ విసిరిన చెయ్యే గంట తర్వాత టీ గ్లాసు అందించేది. ఈ పిల్ల కాగితం తీసుకుని, "ధన్యవాదాలు. నిజం రాసినందుకు" అంది. కాగితాన్ని ఫైల్లో పెట్టుకుంది. అంతే. మర్నాడు పొద్దున కూడా ఎలా ఉన్నారనే అడిగింది. మిగతావాళ్ళు నాకు దారి ఇవ్వడంలో ఇంకొంచెం మర్యాద పెంచారు. ఆ మర్యాదకు నా వీపు మండిపోతోంది.

ఒక్కటే అదృష్టం. ఇక్కడ ఏ పుస్తకం బాగుచేసినా, ఆ పని ముగిసిందని రాసుకునేదాకా దాని చెత్త పారెయ్యరు. దుమ్ముతో సహా ఒక సంచీలో వేసి చీటీ అంటిస్తారు. చెత్తకు పేరు పెట్టే దేశం అని మొదటి వారం నవ్వుకున్నాను. ఆ సంచీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నూట అరవై ఆకులు, మూడేసి వైపులు. దాదాపు అయిదు వందల పీలికలు, నూడుల్సులా చుట్టుకుపోయి ఉన్నాయి. సగం అక్షరం ఆకు మీద, సగం అక్షరం పీలిక మీద. మన లిపి ఎరిగినవాణ్ణి నేనొక్కణ్ణే గనక అతికించవలసింది నేనే. ఉల్లిపొర లాంటి కాగితంతో, తడి చేస్తే మళ్ళీ ఊడివచ్చే జిగురుతో రోజుకు ఏడెనిమిది కుదురుతున్నాయి.

అతుకుతూ చదువుతున్నాను. ఆ వంటవాడు కవి కాడు. 'ఇవాళ నీళ్ళు గడ్డ కట్టినవి.' 'పళ్ళాలు మూడు వందలు.' 'నలభై రోజులైంది, నా మాట నా నోట్లోనే ఉంది.' ఒకచోట ఇలా ఉంది: 'మేస్త్రీ ఇవాళ నన్ను బాగా తిట్టినాడు. ఏమని తిట్టినాడో తెలియలేదు. అయినా సంతోషముగా ఉన్నది.' ఆ పీలికను మాత్రం రెండుసార్లు సరిచూసి అతికించాను.

ఉద్యోగం సంగతి ఆరో నెలలో తేలుస్తారు. ఆ కాగితం ఫైల్లో ఉన్నంతకాలం ఆశ పెట్టుకోవడానికి లేదు. పందెం నువ్వే గెలిచేలా ఉన్నావు. సంతోషించు.

నీ బావ


షాపు, మధ్యాహ్నం
తలుపులు దగ్గరగా వేసి రాస్తున్నా

బావా,

సంతోషించలేకపోయా. మా ఆవిడకి చదివి వినిపిద్దామని మొదలుపెట్టి మధ్యలో ఆపేశా.

నువ్వు నీ తప్పు ఒప్పుకుని రాశావు. ఇన్నేళ్ళలో నీ నోట ఆ మాట వినడం ఇదే మొదలు. ఇంక నేను కూడా చెప్పకపోతే బాగుండదు.

నా కాలు బెణకలేదు.

ముందురోజు ఆదివారం మీ ఇంటికొచ్చా, పెట్టె సర్దుకోడానికి తాడు కావాలని. నువ్వు బజారెళ్ళావ్. అక్క వెనక వసారాలో కూర్చుని ఫారాలు కుడుతోంది. నన్ను చూసి సూది ఆపింది.

"రేపు నువ్వెళ్ళకురా" అంది.

"అదేంటక్కా? ఒట్టేశా బావకి."

"ఒట్టు గట్టు మీద పెట్టు. నువ్వు రాకపోతే ఆయన ఎక్కరు. ఎగిరెగిరి పడతారు గానీ ఒక్కరూ ఎక్కరు. నాకు తెలుసు."

"వెళితే ఏమవుతుందే?"

"ఏమవుతుందా? పొద్దున్న లేస్తే ఎవర్నో ఒకర్ని తిట్టందే ఆ మనిషికి కాఫీ దిగదు. అక్కడ ఎవర్ని తిడతారు? తిడితే పడేవాళ్ళెవరు, తిరిగి తిట్టేవాళ్ళెవరు? ఎండిపోతారురా."

"ఆ ముక్క ఆయనకే చెప్పొచ్చుగా?"

"చెప్తే? పది పుస్తకాల్లోంచి పది మాటలు తీసి నా నోరు మూయిస్తారు. నేను నాలుగో తరగతి. నేనెక్కడ గెలుస్తా ఆయనతో?"

నేను ఒప్పుకోలా. బావ నన్ను చంపేస్తాడే అన్నా. ఆవిడ మళ్ళీ సూది తీసుకుని, అటు తిరిగి కుట్టడం మొదలెట్టింది. మొహం కనబళ్ళేదు. ఒక కుట్టు బిగించి అంది: "మీరిద్దరూ వెళ్ళిపోతే మూడేళ్ళు నేనెవరితో మాట్లాడనురా?"

దాంతో తాడు అక్కడే వదిలేశా బావా.

కాలికి కట్టు కూడా ఆవిడే కట్టింది, పుస్తకాలకి వేసే గుడ్డ పీలికతో. చచ్చేదాకా నీతో చెప్పనని నాచేత ఒట్టు పెట్టించుకుంది. నీకేసిన ఒట్టు తప్పింది దీని కోసమే. తను పోయి రెండేళ్ళయినా చెప్పడానికి నోరు రాలేదు నాకు. నువ్వు తిట్టినప్పుడల్లా పోనీలే అనుకునేవాణ్ణి.

ఇంకొక్కటి. ఆ సోమవారం పొద్దున నేను మీ సందు చివర నిలబడి చూస్తున్నా. నువ్వు ఎక్కేస్తావేమోనని అక్క ఆరింటి నుంచి గుమ్మంలోనే ఉంది. నువ్వు సూట్‌కేసు పట్టుకుని మలుపు తిరగ్గానే లోపలికి పరిగెత్తింది. నువ్వొచ్చేసరికి పొయ్యి మీద నీళ్ళు పెట్టి, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంటుంది.

తిట్టాలంటే నన్ను తిట్టు. అలవాటే.

బావమరిది


పరాయి ఊరు
ఆరో నెల, ఆదివారం

బావమరిదీ,

నన్ను ఉంచుకున్నారు.

శుక్రవారం తొడుగులమ్మ పిలిచి చెప్పింది. ఇంకా రెండేళ్ళు. నాలుగు వందల ఎనభై పీలికల్లో నాలుగు వందల అరవై తొమ్మిది తమ తమ చోట్లలో కూర్చున్నాయి. మిగతావి వీళ్ళ అలవాటు ప్రకారం విడిగా కవర్లో పెట్టాం. అతుకులు కనబడతాయి. కనబడాలి అంటుంది ఆ పిల్ల. జరిగింది దాచకూడదట. కోసింది ఫలానావాడు, అతికించింది కూడా వాడే అని పుస్తకం వెంట ఉండే కాగితంలో రాసి పెట్టారు. నేను పోయాక కూడా అది ఉంటుంది. ఇక ఆ వంటవాడి రాతలన్నీ ఎత్తి రాయాలి, తరవాత ఆ గదిలో పుస్తకాలన్నీ అంచు అంచూ చూడాలి. అందుకు రెండేళ్ళు.

సంగతి విన్నాక కరచాలనం చేశారు అందరూ. అయిదుగురూ తమ తమ బల్లల దగ్గరికి వెళ్ళిపోయారు. నేను గదికి వచ్చి అన్నం వండుకున్నాను. ఈ ముప్పై అయిదేళ్ళూ ఆ రోజు ఎలా ఉంటుందా అని ఊహించుకున్నాను. ఊహలో ఎప్పుడూ ఎదురుగా ఎవరో ఒకరు ఉండేవాళ్ళు.

పందెం గెలిచాను గనక నువ్వు నాకొక కాగితం రాసివ్వాలి. అక్కర్లేదు. నువ్వు కావు పాడుచేసింది. నీ ఉత్తరం వచ్చిన రోజున నిన్ను తిడదామని కూర్చుని, రెండు పేజీలు రాసి చించేశాను. తిట్లకు బలం చాలలేదు. నీ మీద కోపం నాకు ఊతకర్రలా పనికివచ్చింది ఇన్నాళ్ళూ. అది తీసేసుకున్నావు, మంచిదే, కాని నడవడం మళ్ళీ కొత్తగా నేర్చుకోవాలి.

ఆ సోమవారం నేను ఇంట్లో అడుగు పెట్టేసరికి నీళ్ళు కాగుతున్నాయి. నాకు గుర్తుంది. బండి ఎక్కి వెళ్ళిపోయాడనుకున్న మొగుడి కోసం ఎవరైనా నీళ్ళు కాచిపెడతారా? ఆ ప్రశ్న నాకు ముప్పై అయిదేళ్ళు తట్టలేదు. అన్ని పుస్తకాలు చదివాను. స్నానం చేసి, అన్నం తింటూ, నిన్ను తిట్టాను.

మీ అక్క అన్న మొదటి మాట నిజమేనని ఒప్పుకోమంటావా? ఒప్పుకోను. అరవై మూడేళ్ళకు ఎండిపోతున్నాను, సరే. ఇరవై ఎనిమిదేళ్ళకు ఎండేవాణ్ణని ఎవరు చెప్పారు? ఆ వంటవాడు ముప్పయ్యో ఏట వచ్చాడు, ఇరవై ఆరేళ్ళు నిలబడ్డాడు. 'ఇవాళ నాతో నేనే పోట్లాడినాను, నేనే గెలిచినాను' అని రాసుకున్నాడు. ఆ విద్య నేనూ నేర్చుకునేవాణ్ణి. ఇప్పుడు నేర్చుకుంటున్నాను, చెయ్యి తిరగడం లేదు.

రెండో మాటకు మాత్రం తల వంచుతాను. మూడేళ్ళు ఆవిడ ఎవరితో మాట్లాడుతుందో నేను అనుకోనైనా అనుకోలేదు. టికెట్లు కొన్నాను, పెట్టె కొన్నాను, వీళ్ళ భాషకు నిఘంటువు కొన్నాను. ఆ సంగతి అనుకోలేదు. అది నా నేరం, రాసి సంతకం పెడతాను.

అయితే నాతో అనాల్సింది. పది పుస్తకాల్లోంచి పది మాటలు తీసేవాణ్ణి, నిజం. నోరు మూయించేవాణ్ణి, అదీ నిజం. అయినా ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఏం చేసి ఉండేవాణ్ణో నాకు తెలియదు. టికెట్లు పొయ్యిలో పడేసేవాణ్ణేమో. ఆవిణ్ణి ఏడిపించి బండి ఎక్కేవాణ్ణేమో. నేను ఎలాంటివాణ్ణో తెలుసుకునే దారి ఒక్కటుండేది, దాన్ని నా పరోక్షంలో గుడ్డ పీలికతో కట్టేసింది. సరే, అది కూడా ఒక్క పూట చేసిన పని, ఓర్చుకుంటాను. దాని తర్వాత ముప్పై మూడేళ్ళు నా ఎదురుగా కూర్చుంది. తన సొంత తమ్ముణ్ణి పూటకొకసారి నేను మాట తప్పినవాడని తిడుతుంటే, వింటూ, "ఇంకొంచెం వెయ్యనా?" అని వడ్డించింది. ఆస్పత్రి మంచం మీద పదకొండు రోజులు మేమిద్దరమే ఉన్నాం. దిండు సరిచెయ్యమంది, కిటికీ మూయమంది. చెప్పలేదు. నేను చేతకాని కోపంతో నిన్ను తిడుతూ పోతే తనకు ఏం సుఖమో నాకు అర్థం కాలేదు. భయపడిందంటావా? నేనంటే అంత భయమైతే, నాకు మైలుతుత్తమని పేరు ఎలా పెట్టింది?

ఈ ప్రశ్నలన్నీ గట్టిగానే అడుగుతున్నాను ఈ గదిలో, మన భాషలో, రోజూ. అవతల నుంచి జవాబు రాదు. ఇక్కడ ఎవరి నుంచీ రాదు గనక అలవాటవుతోంది.

రెండేళ్ళు అయ్యాక వస్తానో రానో ఇప్పుడు చెప్పలేను. కుట్టు వంకరగా వస్తే విప్పి మళ్ళీ కుట్టు. అట్ట వేసి దాచకు. అంచులు కోయకు. ఖాతాదారులు కొట్టినా కోయకు.

పోయినవాళ్ళను ఏమీ అనకూడదంటారు. నేను అంటాను. నిన్ను వదిలేశాను, ఏడున్నర బండిని వదిలేశాను, నా వంతు నేను ఒప్పుకున్నాను. అన్నీ తీసేశాక ఇంకా నేను తప్పు పడుతున్నది ఒక్క మనిషిని. నా భార్యని. నీ అక్కని.